రెండూ ఒకటేనా?

మీ దగ్గరొక భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకం ఉంది. మీ మిత్రుడి దగ్గర కూడా అదే పుస్తకం ఉంది. ఆ రెండూ ఒకటేనా? అక్షరం పొల్లు పోకుండా ఒకటే. కాని మీ పుస్తకంలో పెన్సిలుతో గీత గీస్తే మిత్రుడి పుస్తకంలో ఆ గీత పడదు. ‘ఒకటే’ అన్న మాటను మనం రెండర్థాల్లో వాడుతున్నామన్నమాట. మనకైతే సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. కంప్యూటరుకు విడమరచి చెప్పాలి.

జావా భాషలో ఒక ఆబ్జెక్టును తయారుచేస్తే అది మెమరీలో ఒకచోట ఉంటుంది. దానికి మనం పెట్టుకున్న పేరులో ఉండేది ఆబ్జెక్టు కాదు, అదెక్కడుందో తెలిపే చిరునామా లాంటిది. దీన్నే రిఫరెన్స్ అంటారు. రెండు పేర్లూ ఒకే ఆబ్జెక్టును చూపితే అది రిఫరెన్స్ సమానత్వం. ఆబ్జెక్టులు వేరైనా లోపలి విషయం ఒకటే అయితే అది నిర్మాణ సమానత్వం. ఆబ్జెక్టులను పోల్చేటప్పుడు జావాలోని == గుర్తు మొదటిదాన్నే చూస్తుంది. రెండోది కావాలంటే ‘ఈక్వల్స్’ను పిలవాలి. (పైథాన్‌లో వేరు. అక్కడ == సాధారణంగా విషయాన్ని పోలుస్తుంది, ఒకే వస్తువా అని అడగడానికి ‘ఈజ్’ ఉంది.)

చిక్కెక్కడో చూడండి. జావాలో సంఖ్యను ఆబ్జెక్టుగా దాచడానికి ‘ఇంటీజర్’ అనే క్లాసు ఉంది. 2004లో వచ్చిన జావా 5 నుంచి, మామూలు సంఖ్యను భాషే ఇంటీజర్‌గా మార్చుకుంటుంది. -128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలు తరచు అవసరమవుతాయి కాబట్టి, వాటికి ఒకసారి చేసిన ఆబ్జెక్టునే మళ్ళీ మళ్ళీ ఇస్తుంది. అది దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్తదే.

మీరు హాజరుపట్టీ ప్రోగ్రాం రాశారనుకుందాం. రోల్ నంబర్లను ఇంటీజర్లుగా దాచి == తో పోల్చారు. 60 మందితో పరీక్షిస్తే అంతా సవ్యంగా ఉంటుంది. కాలేజీ మొత్తానికి వాడారో, 127వ నంబరు దాకా దొరుకుతారు, 128 దొరకదు! కంపైలర్ తప్పు చూపదు, ప్రోగ్రాం ఆగదు. ఆ కుర్రవాడు రోజూ వస్తున్నా గైర్హాజరు పడుతూనే ఉంటుంది. == తీసి ఈక్వల్స్ రాస్తే ఈ బాధ ఉండదు.

అయితే ‘విద్యార్థి’ అని మీరే ఒక క్లాసు రాస్తే, దానికి ఈక్వల్స్ నిర్వచించనంతవరకు అది కూడా రిఫరెన్సులనే పోలుస్తుంది. పాపం జావా ఏం చేస్తుంది? పేరు కలిస్తే చాలా, రోల్ నంబరు కలవాలా అన్నది దానికెలా తెలుస్తుంది? ఒకే పేరున్నవాళ్ళు ఒకే తరగతిలో ఇద్దరుండవచ్చు కదా! ఆ నిర్ణయం మీదే. ఈక్వల్స్ రాసినప్పుడు ‘హాష్‌కోడ్’ కూడా రాయండి. సమానమైన ఆబ్జెక్టులకు అదీ ఒకటే రావాలి. లేకపోతే హాష్‌సెట్‌లో మీరు వేసిన విద్యార్థినే, అదే రోల్ నంబరున్న మరో ఆబ్జెక్టుతో వెతికితే, లేరనే జవాబు రావచ్చు.