పార పట్టిస్తే చదువవుతుందా?

మొన్న దీపావళి భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరమ్మా, మా అమ్మాయికి మీరైనా కాస్త చెప్పండి. ఇంజనీరింగు చదువుకోమని క్రైస్ట్‌చర్చ్ పంపిస్తే, ఊళ్ళోవాళ్ళకు సేవ చేసే కోర్సేదో తీసుకుంటానంటోంది. ఇంత ఫీజు కట్టేది పార పట్టించడానికా?" అన్నారు. చేతిలో పులిహోర ప్లేటు, చంకలో మా చంటివాడు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆయన అడిగింది మనలో చాలామంది అడిగేదే కనుక, ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

ముందు ఆ కోర్సు పుట్టిన కథ. 2010 సెప్టెంబరు 4న క్రైస్ట్‌చర్చ్ దగ్గర 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. నేల అడుగునున్న ఇసుక, నీళ్ళు కలిసి పైకి తన్నుకొచ్చి వీధులన్నీ బూడిదరంగు బురదతో నిండిపోయాయి. కాంటర్‌బరీ యూనివర్సిటీ విద్యార్థి శామ్ జాన్సన్ ఫేస్‌బుక్కులో పిలుపిస్తే పిల్లలు పారలు పట్టుకుని వచ్చేశారు. 2011 ఫిబ్రవరి 22న మళ్ళీ భూకంపం వచ్చి 185 మంది చనిపోయినప్పుడు ఈ దండు వేల సంఖ్యలో కదిలింది. ఆ ఏడాదే యూనివర్సిటీ వారు "క్రైస్ట్‌చర్చ్ పునర్నిర్మాణం" పేరుతో, ఏ శాఖ విద్యార్థి అయినా చేరగలిగే కోర్సు మొదలుపెట్టారు.

బురద ఎత్తినందుకే మార్కులు వేస్తారనుకునేరు! ఎత్తినవాడు తాను చూసినదాన్ని గురించి చదవాలి, ఆలోచించాలి, రాయాలి. అసలు కష్టం అక్కడే. భూకంపాల తరువాత సుమారు 8,000 ఇళ్ళున్న స్థలాల్లో ఇక కట్టుకోవద్దని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నేల పనికిరాదని మట్టి తెలిసిన ఇంజనీరు చెప్పగలడు. నలభై ఏళ్ళు అక్కడే కాపురమున్న ముసలావిడ ఎక్కడికి పోవాలి? పరిహారం ఏ లెక్కన ఇవ్వాలి? ఆ ఖాళీ నేలను ఏం చేయాలి? వీటికి న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళు కూడా కావాలి. సుస్థిరాభివృద్ధి అని సభల్లో గంభీరంగా వినిపించే మాటకు అర్థం ఇలాంటి ప్రశ్నల్లోనే ఉంది.

అన్నట్టు, 2007లో ఆస్ట్రేలియాలో ఇంజనీరింగు మొదటి ఏడాది పిల్లల కోసం మొదలైన ఒక పోటీ ఈ దేశానికీ వచ్చింది. ఏటా ఒక నిజమైన ఊరిని తీసుకుని, దాని నీటికో, ఇళ్ళకో, కరెంటుకో ఉపాయం ఆలోచించాలి. 2011లో వాళ్ళకిచ్చిన ఊరు తమిళనాడులోని దేవికుళం. మనం దాటివచ్చిన పల్లెల్ని గురించి తెల్లపిల్లలు తలలు పట్టుకున్నారన్నమాట.

మన దేశంలో ఇలాంటిది లేదని కాదు. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తరువాత యూజీసీ వారు డిగ్రీ విద్యార్థులందరికీ పెట్టిన ఆరు నెలల పాఠ్యక్రమంలో నూటికి 25 మార్కులు బయటికి వెళ్ళి చూసి రాసే పనికే. చెరువో కొండో చూసి రమ్మన్నారు. మా వారి కాలేజీలో అందరూ ఒకే గైడు చూసి ఒకే చెరువును రాశారట. ఆ చెరువు ఎక్కడుందో ఆయనకు నేటికీ తెలియదు.

నవ్వాను గాని, నేను మాత్రం చేసిందేమిటి? ఎంబీబీఎస్‌లో కమ్యూనిటీ మెడిసిన్ వారు మమ్మల్ని బస్సెక్కించి పల్లెకు తీసుకెళ్ళేవారు. ఇల్లు పక్కాయా కచ్చాయా, గదులెన్ని, మనుషులెందరు, గాలి వెలుతురు ఉన్నాయా అని ఫారాలు నింపాలి. వేపచెట్టు కింద కూర్చుని, సగం ఊహించి రాసేసి, బస్సు దగ్గరికి పరుగెత్తేవాళ్ళం.

ఇక్కడ ప్రాక్టీసులో చేరిన మొదటి చలికాలంలో మూడేళ్ళ పిల్లను నాలుగుసార్లు తీసుకొచ్చారు. దగ్గు, పిల్లికూతలు. మందులు రాశాను, ఇన్‌హేలరు ఇచ్చాను, మోతాదు పెంచాను. చివరికి మా నర్సు వాళ్ళింటికి వెళ్ళి చూసొచ్చింది. పడకగది గోడంతా నల్లటి బూజు. కరెంటు ఖర్చుకు భయపడి నలుగురూ ఆ ఒక్క గదిలోనే పడుకుంటున్నారు. గదులెన్ని, మనుషులెందరు అని ఆ పల్లె ఫారంలో ఎన్నిసార్లు రాశానో! ఈ తల్లిని ఒక్కసారీ అడగలేదు.

ఇదే సంగతిని ఒటాగో యూనివర్సిటీ వెల్లింగ్టన్ విభాగంలో ఫిలిప్పా హౌడెన్-చాప్‌మన్ బృందం అప్పటికే లెక్కలతో చూపించింది. 1978కి ముందు కట్టిన ఇళ్ళకు చలిని ఆపే ఇన్సులేషన్ తప్పనిసరి కాదు. అలాంటి 1,350 ఇళ్ళు తీసుకుని, సగం ఇళ్ళకు ముందు, మిగతావాటికి తరువాత వేయించారు. 2007లో ఫలితాలు వచ్చాయి. పడకగదిలో వేడి పెరిగింది అర డిగ్రీయే. అయినా చెమ్మ తగ్గింది, పిల్లికూతలు తగ్గాయి, పిల్లలు బడి మానడం తగ్గింది. ఆ పని ఒక్క డాక్టర్ల వల్ల అయ్యేది కాదు, ఇళ్ళ నిర్మాణం తెలిసినవాళ్ళు, ఖర్చులు లెక్కగట్టేవాళ్ళు కలిస్తేనే అయింది. 2009లో ఇళ్ళకు ఇన్సులేషన్ వేయించడానికి ప్రభుత్వం సాయం మొదలుపెట్టింది. 2019 నిబంధనల ప్రకారం అద్దె ఇంటి ముందుగదిని 18 డిగ్రీలకు వేడి చేయగల హీటరు ఉండి తీరాలి. మనలో ఇళ్ళు అద్దెకిచ్చేవారు ఇది గమనించగలరు.

నిన్న రాత్రి ఆ పెద్దాయనకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఊకొట్టారు. అమ్మాయి అప్పటికే పేరు నమోదు చేయించుకుందట.

"సరేనమ్మా, కానివ్వండి" అని, "ఇంతకీ పార వాళ్ళే ఇస్తారా, మనమే కొనుక్కోవాలా?" అని అడిగారు.