భామాకలాపం ఎలా మారింది?

కూచిపూడి కూడా మన నూజివీడులాగే పాత కృష్ణా జిల్లాలోదే. ఆ ఊరిని కళాకారుల కుటుంబాలకు ఇనాంగా ఇచ్చింది గోల్కొండ సుల్తాన్ తానీషా అని చెబుతారు. అక్కడి భామాకలాపం రాత్రంతా సాగేది. సత్యభామ వేషం కట్టేది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మకు పేరొచ్చింది ఆ వేషంతోనే. తెర మీదుగా జడ వేసి భామ సవాలు విసరడం జనానికి భలే ఇష్టం.

1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. టికెట్ కొన్న పట్నం ప్రేక్షకులు తెల్లవార్లూ కూర్చోరు కదా! పాత కథలనే కుదించి నృత్యనాటకాలుగా మలిచారు, ఆడపిల్లలకు నేర్పి వేషాలిచ్చారు. ఇది సబబైన పనే అంటాను. కాకపోతే మాధవితో భామ సాగదీసే మాటలు, ఊరిజనం పగలబడి నవ్వేవి, వాటికే ముందు కోత పడింది. స్త్రీవేషం నేర్చుకునే అబ్బాయిలూ తగ్గిపోయారు.