బోరు చేయించే ముందు

ఆటో సైకిలు పటం గీసి, బాణం గుర్తులు పెట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మనలో చాలామందిమి. ఆ పటంలోని కంప్రెషన్ గీత మీద ఒక సంసారం ఆధారపడి ఉంటుందని నాకు తెలిసింది మాత్రం మా మామయ్య టాక్సీ దగ్గర.

అది 1489 సీసీ పాత పెట్రోలు అంబాసిడరు. (ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది.) స్లోలో వణకడం, ఎత్తు ఎక్కలేక ఆయాసపడడం మొదలెట్టింది. "బోరు పోయింది, ఇంజను దింపాల్సిందే" అన్నాడు మెకానిక్కు. దింపితే మామయ్యకు అప్పు తప్పదు.

నాలుగు సిలిండర్లూ సమానంగా అరిగితే బలం తగ్గుతుంది గాని, బండి ఇలా కుంటదు. ప్లగ్గులు, కరెంటు సరిగ్గానే ఉన్నాయి. ఇగ్నిషన్ ఆపి, ముందు హ్యాండిలు పెట్టి మెల్లగా తిప్పాం. రెండు పూర్తి చుట్లలో నాలుగుసార్లు చేతికి ఎదురుబలం తగలాలి, 1-3-4-2 వరసలో. మాకు ఒకచోట చెయ్యి తేలిపోయింది.

కాలేజి వర్క్‌షాపు నుంచి గేజి తెచ్చాను. ఇంజను వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, కాయిలు వైరు తప్పించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి ఒక్కొక్క సిలిండరు కొలవాలి. తొక్కడం మరిచిపోతే గాలి లోపలికి పోక అన్నీ తక్కువే చూపిస్తాయి. బ్యాటరీ నీరసించినా అంతే. వచ్చిన అంకెలు 120, 118, 85, 119 (చదరపు అంగుళానికి పౌండ్లు). అసలు అంకె కంటె తేడా ముఖ్యం. పది పదిహేను శాతం లోపయితే కంగారు లేదు. మూడోది దాదాపు ముప్ఫై శాతం తక్కువ!

ఆ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలిచాం. ఆయిలు రింగుల చుట్టూ చేరి కాసేపు సందు మూస్తుంది. అంకె బాగా పెరిగి ఉంటే మెకానిక్కు మాటే నిజమయ్యేది. పెరిగింది మూడు పౌండ్లే. అంటే గాలి పైనుంచి పోతోందన్నమాట. పక్కపక్కవి రెండూ పడిపోయి ఉంటే మధ్యన గాస్కెట్టు కాలిందనుకోవచ్చు. ఒక్కటే గనుక వాల్వును అనుమానించాం.

హెడ్డు విప్పకముందే టాపెట్టు సందు చూడాలి. దీనికి క్లాసులో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. ముందునుంచి ఎనిమిది వాల్వులు. ఒకటోది పూర్తిగా తెరుచుకుంటే ఎనిమిదోది, నాలుగోది తెరుచుకుంటే ఐదోది సరిచెయ్యాలి. కూడితే తొమ్మిది రావాలి, అంతే! ఐదోది మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు. దానికి సందే లేదు. సరిచేస్తే అంకె 94 దాకా వచ్చి ఆగింది. ఇక హెడ్డు విప్పక తప్పలేదు. చూస్తే వాల్వు అంచు ఒకవైపు కాలి గాడి పడింది. ఈ ఇంజనులో రెండు, మూడు సిలిండర్ల పొగ మధ్యన ఒకే దారిన పోతుంది, అక్కడ వేడి జాస్తి. పైగా సందు లేని వాల్వు సీటుకు సరిగా ఆనదు, తన వేడిని దిగవిడుచుకోలేదు. మాడక ఏం చేస్తుంది?

కొత్త వాల్వు, సీటు గ్రైండింగు, కొత్త గాస్కెట్టు, అంతటితో సరిపోయింది. మూడో సిలిండరు 117 చూపించింది. మర్నాడు మామయ్య స్టాండులో తన వరస కోసం నిలబడ్డాడు. మెకానిక్కు మాత్రం, "ఆ గేజి ఓ రెండ్రోజులు ఇస్తావా బాబూ?" అని కబురు పెట్టాడు.