నా డి40 కెమెరా - కొన్న దగ్గర్నుంచి ఇప్పటిదాకా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని కమిటీ తమ్ముళ్లు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. కానీ నీళ్ల సాంబారు, ట్రంకు పెట్టె తాళాలు, తెల్లవారుజామున స్టడీ అవర్ విజిల్... ఇవన్నీ పాత సంచికల్లో నాకంటే బాగా రాసినవాళ్లు ఉన్నారు. పైగా నేను వచ్చినప్పుడల్లా పిల్లలు చుట్టూ చేరి అడిగేది ఒక్కటే. "అన్నా, ఈ కెమెరా ఎంత? ఎన్ని మెగాపిక్సెల్స్?" ప్రతిసారీ ఆ హడావుడిలో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. ఈసారి తీరిగ్గా జవాబు చెబుతాను.

నా మెడలో వేలాడేది నికాన్ డి40. 2006 నవంబరులో ఆ కంపెనీ దీన్ని ప్రకటించింది. అప్పట్లో వాళ్ల డిజిటల్ ఎస్సెల్లార్లలో ఇదే అన్నింటికంటే చిన్నది, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసినది. నేను 2007లో హైదరాబాద్ కోఠీలో ఒక షాపులో కొన్నాను. టీచరు ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లు. దాచుకున్న డబ్బంతా దీనికే పోయింది. మా ఇంటి రేకులు రెండు వానాకాలాలుగా కారుతున్నాయి. న్యాయంగా ఆ డబ్బుతో రేకులు మార్చాల్సింది. అమ్మకు కెమెరా ధర సగం చేసి చెప్పాను. ఆ సగానికే ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అంత అవసరం ఏమొచ్చిందని మీరు అడగవచ్చు. పదో తరగతి ఫేర్వెల్ రోజున మన హాస్టల్ ముందు తీసిన గ్రూప్ ఫోటో కారణం. టౌన్ నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. వెనక కొత్తగా సున్నం వేసిన గోడ, మా ఒంటి మీద తెల్ల చొక్కాలు, నెత్తిన ఎండ. ఒక్కొక్కరం డబ్బులు వేసుకుని కాపీలు తీయించుకున్నాం. చొక్కాలు, గోడ ధగధగా మెరుస్తూ వచ్చాయి. వెనక వరసలో ఉన్న మా ముఖాలు మాత్రం ఒట్టి నల్లటి గుండ్రాలు. సెలవులకు ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే అమ్మ ఫోటోని కళ్ల దగ్గరికి పెట్టుకుని, "ఇందులో నువ్వెక్కడ ఉన్నావురా?" అంది. వేలు పెట్టి చూపించాను. ఆమె నమ్మినట్టు తలూపింది గానీ, నేను చెప్పాను కాబట్టి నమ్మింది, అంతే. మన రంగు అంతే కదా, ఫోటోలో అలాగే వస్తుంది అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను కూడా.

ముందు ఎస్సెల్లార్ అంటే ఏమిటో చెప్పాలి. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అన్నమాట. లెన్స్ వెనక ఒక అద్దం ఏటవాలుగా నిలబడి ఉంటుంది. లెన్స్ లోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి పైకి తిరిగి, ఇంకా కొన్ని అద్దాల మీదుగా మన కంటికి చేరుతుంది. అంటే లెన్స్ ఏం చూస్తోందో మనమూ అదే చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది, అద్దం మళ్లీ దిగుతుంది. మీకు వినిపించే "టక్" అదే. ఆ రోజుల్లో జేబులో పట్టే డిజిటల్ కెమెరాలతో పెద్ద చిక్కు ఉండేది. నొక్కిన చాలాసేపటికి గానీ ఫోటో పడేది కాదు, ఈలోగా కబడ్డీ ఆడేవాడు గీత దాటిపోయేవాడు. డి40తో ఆ బాధ లేదు.

ఇక మెగాపిక్సెల్స్. ఇందులో ఉన్నవి 6 మాత్రమే. ఇది వినగానే పిల్లల ముఖాలు వాడిపోతాయి, ఎందుకంటే వాళ్ల ఫోన్లో 50 ఉంటాయి. తమ్ముళ్లూ, 6 మెగాపిక్సెల్స్ అంటే అడ్డంగా 3008, నిలువునా 2000 చుక్కలు. అంగుళానికి 250 చుక్కల లెక్కన ప్రింటు వేసినా 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు శుభ్రంగా వస్తుంది. మన ఇళ్లలో గోడకు కట్టే ఫోటో అంతకంటే పెద్దది ఉంటుందా? అసలు విషయం సెన్సర్ వైశాల్యంలో ఉంది. దీని సెన్సర్ 23.7 మిల్లీమీటర్లు బై 15.6. ఆనాటి చిన్న కెమెరాల్లో ఎక్కువ వాటికి సుమారు 5.8 బై 4.3 ఉండేది. గుణించి చూడండి, దాదాపు 15 రెట్లు తేడా. వాన పడేటప్పుడు గ్లాసు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా లాంటిది. వెలుతురు తక్కువైన చోట ఆ తేడా కనిపిస్తుంది.

బరువు కూడా చెబుతాను. బాడీ ఒక్కటే 475 గ్రాములు. బ్యాటరీ, దాంతోపాటు వచ్చే 18-55 లెన్స్ కలిపితే ముప్పావు కిలో లోపే. స్పోర్ట్స్ మీట్ రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా మెడలో ఉన్నా నొప్పి పెట్టదు. అయితే పెద్ద చేతులున్నవాళ్లకు చిటికెన వేలు కింద గాలిలో వేలాడుతుంది. నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కెమెరా కొన్న వారానికి ఊరెళ్లి, అమ్మను గుమ్మం పక్కన తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోటో తీశాను. వెనక స్క్రీన్ మీద చూస్తే మళ్లీ అదే! గోడ బూడిద రంగులో, అమ్మ ముఖం నల్లగా, కళ్లు కూడా తెలియకుండా. ఇంటి రేకుల డబ్బు పోసి కొన్న కెమెరా ఇలా తీసిందేమిటని నాకు కాళ్లు చల్లబడ్డాయి. కోపమంతా కెమెరా మీదే. పెట్టెలో ఉన్న మాన్యువల్ తీసి ఆ రాత్రి కూర్చుని చదివాను. బి.ఎడ్. పరీక్షకు కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఉంటుంది. డి40లో అది దృశ్యాన్ని 420 చుక్కలుగా చూసి లెక్క వేస్తుంది. అయితే దానికి ఎదురుగా ఉన్నది అమ్మా, గోడా అని తెలియదు. మొత్తం దృశ్యం సగటున మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని నమ్ముకుని పని చేస్తుంది. ఫ్రేములో తెలుపు ఎక్కువ ఉంటే "అమ్మో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. తెల్లగోడ బూడిద అవుతుంది, ముఖం నలుపవుతుంది. మన పదో తరగతి ఫోటోలో జరిగింది కూడా ఇదే అయి ఉంటుంది.

దీనికి మందు షట్టర్ బటన్ దగ్గరే ఉంది. ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న బటన్. దాన్ని నొక్కి పట్టుకుని వెనక చక్రం తిప్పితే, మీటరు చెప్పినదానికంటే ఎక్కువో తక్కువో వెలుతురు తీసుకొమ్మని కెమెరాకి మనం ఆజ్ఞ ఇస్తున్నట్టు. మరుసటి రోజు అమ్మను మళ్లీ అక్కడే నిలబెట్టి +1 పెట్టి తీశాను. గోడ తెల్లగా పోయింది. పోతే పోనీ, గోడ కోసమా మనం ఫోటో తీస్తున్నది? అమ్మ ముఖం మాత్రం ఉన్నది ఉన్నట్టు వచ్చింది, నుదుటి మీద గీతలతో సహా. ఒక్క మాట, మోడ్ చక్రం ఆటో మీద ఉంటే ఈ బటన్ పని చేయదు. పి మీదో, ఏ మీదో ఉంచుకోవాలి. నేను ఇప్పుడు తెల్లగోడ, ఆకాశం వెనక ఉన్నప్పుడల్లా +0.7 దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ మీద చూసుకుని మారుస్తాను.

తర్వాత చదివి తెలుసుకున్న విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. కలర్ ఫిల్మ్ కాలంలో అమెరికాలో కోడక్ కంపెనీ వాళ్లు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షిర్లీ కార్డులని వాడేవారు. చాలా ఏళ్లపాటు వాటి మీద ఉండేది తెల్లజాతి స్త్రీ బొమ్మే. ఆమె చర్మం సరిగ్గా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్లు, గోధుమరంగు వాళ్లు ఎలా వస్తున్నారన్నది ఆ లెక్కలో లేదు. ఇది చదివిన రోజు నేను ఆ పదో తరగతి ఫోటో పెట్టెలోంచి తీసి మళ్లీ చూశాను.

మిట్టమధ్యాహ్నం సంగతి వేరే. అప్పుడు కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడతాయి. ఎండలో ఫ్లాష్ వేస్తే జనం నవ్వుతారు గానీ, అక్కడే ఫ్లాష్ పనికొచ్చేది. డి40 సెకనులో 500వ వంతు వేగం దాకా ఫ్లాష్‌తో కలిసి పని చేస్తుంది. దీనికంటే ఖరీదైన కెమెరాలు చాలా వాటికి 200, 250 దగ్గరే ఆగిపోతుంది. అయితే దీని ఫ్లాష్ చిన్నది. నిండు ఎండలో ఒకటిన్నర, రెండు మీటర్లకు మించి అందదు. ఒకరిద్దరికి సరిపోతుంది, నలభై మంది గ్రూప్‌కు దేనికీ చాలదు. గ్రూప్ ఫోటోకి మార్గం ఒక్కటే, ఎండ తగ్గేదాకా ఆగడం, లేదా అందరినీ భవనం నీడలోకి నడిపించడం. కొందరు ఎండలో, కొందరు చెట్టు నీడలో ఉంటే ఏ కెమెరా కూడా ఏమీ చేయలేదు. లెన్స్ ఎఫ్ 8 మీద పెడితే మూడు వరసలూ స్పష్టంగా వస్తాయి. ఒక్క మనిషిని తీసేటప్పుడు మాత్రం 18 దగ్గర పెట్టి మీదమీదకు వెళ్లకండి, ముక్కు పెద్దదైపోతుంది. 55 దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి.

లోపాలు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. పెద్దది, బాడీలో ఫోకస్ మోటారు లేదు. లెన్స్‌లోనే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ రకాలే దీనికి ఆటోఫోకస్ అవుతాయి. ఇది తెలియక నేను వార్షికోత్సవం రాత్రి ప్రోగ్రాముల కోసమని 50 ఎఫ్ 1.8 డి లెన్స్ కొన్నాను. షాపతను "పడుతుంది సార్" అన్నాడు. అబద్ధం కాదు, పట్టింది! ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. సరిగ్గా కుదిరినప్పుడు వ్యూఫైండర్ కింద చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. కోలాటం వేసే పిల్లల మీద ఆ చుక్క వెలిగేలోపు వాళ్లు స్టేజీ ఆ చివర ఉంటారు. మొదటి ఏడాది వందకు పైగా తీస్తే పనికొచ్చినవి పది. 2009లో మోటారున్న 35 ఎఫ్ 1.8 జి లెన్స్ వచ్చాక గానీ ఆ ఇబ్బంది తీరలేదు.

ఫోకస్ పాయింట్లు మూడే. ఎడమ, మధ్య, కుడి. నేను మధ్యదొక్కటే వాడతాను. సెన్సర్ మీది దుమ్మును దులుపుకునే ఏర్పాటు కూడా ఇందులో లేదు. ఒకసారి కబడ్డీ కోర్టు పక్కనే నిలబడి లెన్స్ మార్చాను, బుద్ధి లేక. ఆ తర్వాత రెండు నెలలు తీసిన ప్రతి ఆకాశంలోనూ నాలుగు నల్లచుక్కలు. రబ్బరు బ్లోయర్‌తో ఊదితే రెండు పోయాయి, మిగతావి సర్వీసులో పోయాయి. నోటితో ఊదకండి, తుంపర పడితే ఇంకా కష్టం.

ఇంతకాలం తర్వాత దీన్ని కొనమంటావా అన్నా అని అడిగేవాళ్లకు జవాబు. డి40 కొత్తది ఇప్పుడు దొరకదు, తయారీ ఎప్పుడో ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే లెన్స్ ఎఫ్ 16 మీద పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి చుక్కలున్నాయేమో చూడండి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడండి. 32 జీబీ దాటిన కార్డు వేయకండి. ఫోన్ ఉన్నవాడికి ఇది తప్పనిసరి అని మాత్రం నేను చెప్పను. నేటి ఫోను ఒక్క నొక్కుకు అనేక ఫ్రేములు తీసి కలిపేస్తుంది, ఎదురు వెలుతురులో నా డి40 కంటే చాలాసార్లు నయం. అందులోనూ ముఖం మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే నేను చెప్పిన ప్లస్ బటన్ పనే జరుగుతుంది. ఇంట్లో ఫోను ఉన్న ప్రతి తమ్ముడూ ఈ సెలవుల్లో అమ్మానాన్నలను తీసి చూడండి. కానీ కంటికి ఆనించి, లెన్స్ లోంచి మనిషిని చూస్తూ, నవ్వు వచ్చే క్షణానికి నొక్కడం నాకు ఫోనులో కుదరడం లేదు. అది నా అలవాటు కావచ్చు.

అమ్మ ఫోటోని 12 బై 8 ప్రింటు వేయించి ఇచ్చినప్పుడు ఆమె అన్నది ఇదీ: "కొత్త చీర పెట్టెలో ఉండగా ఇది కట్టుకున్నానేమిటి? ముందే చెప్పొద్దూ!" తర్వాత ఏడాది రేకులు మార్చాం. అమ్మ పోయి ఇప్పటికి ఏడేళ్లు. గోడ మీద ఉన్నది ఆ పాత చీర ఫోటోయే.

ఈసారి వార్షికోత్సవం గ్రూప్ ఫోటో సాయంత్రం నాలుగున్నరకు పెట్టుకుందామని వార్డెన్ సార్‌తో మాట్లాడాను. ఆ వేళకు తూర్పు వైపు వరండా ముందు నీడ పరుచుకుని ఉంటుంది, గోడ కూడా లేత పసుపే. పొడుగ్గా ఉన్నవాళ్లు వెనక, అందరికంటే చిన్న తరగతుల పిల్లలు ముందు చాప మీద. మన వంట పెద్దమ్మను మాత్రం ముందుగానే పిలిచి మధ్య కుర్చీలో కూర్చోబెట్టండి. ఆమె ప్రతి ఏడూ చేతులు తుడుచుకుంటూ ఆఖర్న వచ్చి అంచున నిలబడుతుంది, సగం తెగిపోతుంది.