వంటింటి సింకు, కుళాయి, గట్టు రాయి: ఎంపిక

పొయ్యి, సింకు, సామాన్లు నిల్వచేసే చోటు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలో గత భాగంలో చదివారు. ఈ భాగంలో సింకును, దాని కుళాయిని, చుట్టూ ఉండే గట్టు రాతిని ఎలా ఎంచుకోవాలో తెలుసుకుందాం. గోడ రంగు నచ్చకపోతే మళ్ళీ వేయించుకోవచ్చు. రాతిని కోసి బిగించిన సింకును మార్చాలంటే గట్టునే కదిలించవలసి వస్తుంది. అందుచేత ఈ నిర్ణయాన్ని మేస్త్రీకి వదిలివేయకండి. ఆ ఇంట్లో రోజూ అంట్లు తోమేవారిని తప్పక అడగండి.

సింకు లోహం

స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు పట్టని ఉక్కు అంటారు గాని, తుప్పును బాగా తట్టుకునే ఉక్కు అనడమే సరి. ఇందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడి ఉక్కును కాపాడుతుంది. గీత పడినా ఆ పొర తిరిగి ఏర్పడుతుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసును పెంచుతారు. దాని ధర తక్కువ, తుప్పును తట్టుకునే శక్తి కూడా తక్కువే.

కొన్ని దుకాణాల్లో అయస్కాంతం పెట్టి చూపి, “అంటుకోలేదు కాబట్టి ఇది 304” అంటారు. ఈ పరీక్షను నమ్మవద్దు. 202 కూడా సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు. పైగా అసలైన 304 రేకును లోతుగా నొక్కి సింకుగా మలిచినప్పుడు మూలల దగ్గర కొద్దిగా అయస్కాంత గుణం రావచ్చు. బిల్లుపై గ్రేడు రాయించుకోవడమే మేలు.

304 అయినా క్లోరైడును ఎక్కువసేపు భరించలేదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు, ఉప్పు నిల్వ ఉంటే పై పొర చెదిరి సూదిమొనంత గుంటలు పడతాయి. ఆవకాయ కలిపిన గిన్నెను రాత్రంతా సింకులో వదిలేయడం మంచిది కాదు.

రేకు మందాన్ని మిల్లీమీటర్లలో అడగండి. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుంది కనుక, పెద్ద సంఖ్య చూసి మోసపోయే అవకాశం ఉంది. ఇంటి వాడకానికి 1 మి.మీ. సరిపోతుంది.

లోతు

చాలామంది పట్టించుకోని విషయం ఇది. గట్టు ఎత్తు 85 సెం.మీ., సింకు లోతు 25 సెం.మీ. అనుకుందాం. అడుగు భాగం నేల నుండి 60 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. 150 సెం.మీ. పొడవున్న మనిషి అక్కడి గిన్నెను అందుకోవాలంటే నడుము వంచక తప్పదు. పూటపూటా అలా వంగితే నొప్పి రాక మానదు. లోతు 20 సెం.మీ. దగ్గర ఉంచి, వెడల్పు పెంచుకోండి. రెండు చిన్న తొట్లకంటే, మీ ఇంట్లోని పెద్ద కుక్కరు, ఇడ్లీ పాత్ర పడుకోబెట్టి తోమగలిగే ఒకే తొట్టి మన వంటకు అనువైనది.

కుళాయి

మంచి కుళాయి లోపల ఇత్తడి, పైన నికెల్, ఆపై క్రోమియం పూత ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. మెరుపుకు ముందు మీ నీటిని చూడండి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. బోరు నీరు ఇంతకంటే కఠినంగా ఉండే ఊళ్ళూ ఉన్నాయి. అలాంటి చోట నల్లటి కుళాయిపై తెల్లని మరకలు కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. కుళాయి మూతిలోని జాలీకి గార పట్టి ధార సన్నబడుతుంది. కాబట్టి చేత్తో విప్పగలిగే జాలీ ఉన్నదాన్నే కొనండి. దాన్ని అరగంట నిమ్మరసంలో నానబెట్టి కడిగితే చాలు.

గట్టు రాయి

కడప, తాండూరు రాళ్ళు సున్నపురాయి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసం వాటి మెరుపును తినేస్తాయి. గ్రానైట్‌పై వాటి ప్రభావం ఉండదు. సందేహముంటే నమూనా ముక్కపై నిమ్మచుక్క వేసి, కొన్ని నిమిషాల తరవాత తుడిచి చూడండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. అయస్కాంత పరీక్షతో 304, 202 రకాలను ఎందుకు వేరుచేయలేం?

2. మీ ఇంటి గట్టు ఎత్తును, సింకు లోతును కొలిచి, అడుగు భాగం నేల నుండి ఎంత ఎత్తులో ఉందో లెక్కించండి. అది అక్కడ పనిచేసేవారి ఎత్తుకు తగినట్లుగా ఉందా?