పాటకు సొంత ఇల్లు

పాటను వినుట వేరు, పాటను కలిగియుండుట వేరు. ఈ భేదము మన పెద్దలకు చక్కగా తెలియును. తిరునాళ్లలో హరికథ విన్నవాడు ఇంటికి జ్ఞాపకమును మాత్రమే తెచ్చుకొనెను. గ్రామఫోను రికార్డు కొన్నవాడు పాటనే తెచ్చుకొనెను. ఆ రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు ఒక్కొక్క ప్రక్కను ఇంచుమించు మూడు నిమిషముల గానము వినిపించెడిది. మూడు నిమిషములైననేమి, అది ఇంటిది. ముల్లు మార్చి, మర త్రిప్పి, ఎన్నిసార్లు వేసికొన్నను అడుగువాడు లేడు. నేడు ఒక్క ఫోనులో కోట్లకొలది పాటలు దొరకుచున్నవి. వానిలో మనవని చెప్పుకొనదగినవి ఎన్ని? ఈ ప్రశ్నకు సమాధానముగా కొందరు తమ ఇండ్లలో అరచేతిలో ఇమిడెడి చిన్న కంప్యూటరునొకదానిని పెట్టుకొని, దానినే పాటల భాండాగారముగా చేసికొనుచున్నారు. గోలేటివంటి బొగ్గుగనుల ఊరిలో నివసించువారికి అట్టిది ఏ విధముగ పనికివచ్చునో ఆలోచించుటయే ఈ వ్యాసోద్దేశము.

గోలేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలములోనిది. సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు ప్రధానస్థానము. ఇచ్చటి జీవితమున రెండు లక్షణములు ముఖ్యములు. మొదటిది కాలమునకు సంబంధించినది. ఈ ఊరికి గడియారము ఒకటి కాదు, మూడు: ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు. లోకమంతయు మేలుకొని రేడియోలో భక్తిగీతములు వినువేళకు రాత్రి పని ముగించుకొని వచ్చినవాడు దుప్పటి కప్పుకొనును. అతడు లేచి టీ త్రాగునప్పటికి రేడియోలో మరేదో కార్యక్రమము నడచుచుండును. రెండవది ఇంటికి సంబంధించినది. కార్మికుడు కాపురముండు క్వార్టరు కంపెనీది. ఉద్యోగమున్నంతకాలము గోడకు మేకు కొట్టుకొనవచ్చును, పెరటిలో మునగచెట్టు పెంచుకొనవచ్చును. పదవీ విరమణానంతరము తాళము అప్పగించి వెడలిపోవలసినదే. మునగచెట్టు వెంట రాదు. ఇట్టి కుటుంబమునకు తనదేదో అద్దెదేదో ఒకరు బోధింపనక్కరలేదు.

పాట విషయమునను ఈ అద్దె తగవు క్రొత్తది కాదు. రేడియో వచ్చిన పిమ్మట పాట ఉచితమైనది గాని, ఏ పాట ఎప్పుడు వినవలెనో నిర్ణయించు అధికారము శ్రోత చేతిలోనుండి జారిపోయినది. 1952లో కేంద్ర ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కరుగారి హయాములో ఆకాశవాణి సినిమాపాటలను మిక్కిలిగా తగ్గించివేసెను. శ్రోతలు ఊరకుండిరా? రేడియో ముల్లును సిలోనువైపు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభింపవలసివచ్చెను. ఫిలిప్సు సంస్థ 1963లో వెలువరించిన క్యాసెట్టు ఆ తరువాతి దశాబ్దములలో మన ఇండ్లకు చేరి, శ్రోతకు మరల స్వాతంత్ర్యము నొసగినది. అంతకుముందు ఇంటింట లేని మరియొక సౌకర్యమును గూడ అది తెచ్చినది. ఎఱ్ఱమీట నొక్కినచో అమ్మ పాడిన జోలపాట సయితము అందులో చేరెడిది.

నేటి సంగీతప్రసార సంస్థలది తిరిగి క్వార్టరు పద్ధతి. నెలకింత చెల్లించినంతకాలము, లేక ప్రకటనలు వినుచున్నంతకాలము ప్రవేశము. వాని మేలును కాదనరాదు. ఎన్నడు వినని పాటలను వినిపించుచున్నవి, మారుమూల పల్లెకు గూడ అందుచున్నవి. కాని అవి మూతపడుటకు మన అనుమతి అక్కరలేదు. గూగులువారి ప్లే మ్యూజిక్ 2020లో ఆగిపోయినది. రెస్సో అను సేవ మన దేశమున 2024 జనవరి 31తో ముగిసినది. ఎయిర్‌టెల్‌వారి వింక్ కూడ ఆ ఏడే నిలిచిపోయినది. శ్రోతలు ఏండ్ల తరబడి ఏర్చి కూర్చుకొన్న జాబితాలకు ప్రతిమారును క్రొత్తచోటు వెదకుకొనవలసివచ్చినది. మైస్పేస్ సంగతి మరింత విచారకరము. 2016కు పూర్వము తమవద్ద గాయకులు దాచిన పాటలు సర్వరుల మార్పిడిలో నశించినవని 2019లో ఆ సంస్థయే ఒప్పుకొనెను. మరియొకరి కొట్టములో కట్టిన గొడ్డు మనది కాకపోయె ననుకొన్నను, మన గొడ్డునే తీసికొనిపోయి అచ్చట కట్టినవారి గతి ఏమి?

ఇందులకు ప్రత్యామ్నాయముగా నిలిచిన చిన్న యంత్రమును గూర్చి ఇక చెప్పవలెను. దాని పేరు రాస్ప్‌బెరీ పై. కంప్యూటరు శాస్త్రము చదువుటకు వచ్చు విద్యార్థుల సంఖ్య తగ్గుచుండుట గమనించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు ఎబెన్ అప్టన్ మొదలగువారు పిల్లలు భయము లేక విప్పి చూచుకొనదగిన చవుక కంప్యూటరును తలపెట్టిరి. అది 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల వెలకు విపణికి వచ్చెను. ఇంచుమించు ఏటీఎం కార్డంత పలకమీద సమస్తావయవములు అమరియుండును గనుక దానిని సింగిల్ బోర్డు కంప్యూటరు అందురు. తెర లేదు, మీటల పలక లేదు, కావలసినచో తగిలించుకొనవచ్చును. బడిపిల్లలకొరకు పుట్టిన ఈ యంత్రము అనతికాలముననే పెద్దల ఇండ్లలో పాటలపెట్టెగా మారినది.

అది పనిచేయు తీరు సులభముగా గ్రహింపదగినదే. యంత్రములోని మెమరీ కార్డుమీదికి లినక్సు వ్యవస్థను ఎక్కించి, పాటలు నింపిన హార్డ్‌డిస్కును తగిలించి, నావిడ్రోమ్‌వంటి ఉచిత ప్రోగ్రామును అందు నెలకొల్పుదురు. ఆ ప్రోగ్రాము ఫైళ్లనన్నిటిని పరిశీలించి, గ్రంథాలయములోని పట్టికవలె ఒక పట్టిక తయారుచేసికొనును. ఇంటి వైఫైకి చేరియున్న ఏ ఫోనునుండి అడిగినను, అడిగిన పాటను ముక్కలు ముక్కలుగా పంపును. ఫోను అందుకొన్నంతవరకు వినిపించుచు తక్కినదానిని అందుకొనుచుండును. చెరువునంతయు పొలమునకు తెచ్చుకొనక, కావలసినప్పుడు తూము ఎత్తుకొన్నట్లన్నమాట. ఇదియే స్ట్రీమింగు. ఇందులకు బయటి ఇంటర్నెట్టుతో పనిలేదు. వీధిలో కేబులు తెగినను, రౌటరు వెలుగుచున్నంతవరకు పాట ఆగదు. నైటు షిఫ్టునుండి వచ్చిన తండ్రి ఒక గదిలో మెల్లగా ఘంటసాలను, చదువుకొను కుమారుడు మరియొక గదిలో చెవులకు తగిలించుకొని నేటి పాటను, ఒకే పెట్టెనుండి, ఒకే సమయమున వినవచ్చును.

లెక్కలు తెలిసికొన్నచో ధైర్యము కలుగును. సీడీ నాణ్యముగల ధ్వనికి సెకనుకు 44,100 మార్లు, రెండు చానళ్లలోను, 16 బిట్ల చొప్పున కొలతలు తీయుదురు. ఈ విధమున మూడు నిమిషముల పాట దాదాపు 32 మెగాబైట్లగును. ఎంపీ3 పద్ధతి, చెవి అంతగా పట్టించుకొనని అంశములను విడిచి, 128 కిలోబిట్ల మేరకు దానిని 3 మెగాబైట్లలోపునకు కుదించును. ఫ్లాక్ పద్ధతి ఏమియు విడువక, సాధారణముగా సగమునకు అటునిటుగా కుదించును. పాటకు 20 మెగాబైట్ల చొప్పున లెక్కించినను ఒక టెరాబైటు డిస్కులో 50,000 పాటలు పట్టును. రోజునకు ఇరువది పాటలు విన్నను అవి ముగియుటకు దాదాపు ఏడేండ్లు పట్టును. ఇక కరెంటు సంగతి. యంత్రము ఎడతెగక 5 వాట్లు వాడుచున్నదనుకొన్నచో నెలకు 3.6 యూనిట్లు. రామగుండము ఎన్‌టీపీసీలోను, జైపూరునందలి 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్కేంద్రములోను మండునది ఈ సింగరేణి నేల బొగ్గే. బొగ్గు త్రవ్వువాని ఇంట అంతమాత్రపు వెలుగు వాని పాటకు ఖర్చగుట న్యాయమే.

తెలుగు ఉపాధ్యాయునిగా నాకు మిక్కిలి ఆసక్తి కలిగించునది పాటల పట్టిక. ప్రతి ఫైలులోను పాట పేరు, గాయకుడు, ఆల్బము, సంవత్సరము వ్రాసికొనుటకు గడులు ఉండును. బజారులో దొరకు ఫైళ్లలో ఇవి తరచుగా ఇంగ్లీషు లిపిలో, తోచినట్లు వ్రాయబడియుండును. ఘంటసాల పేరులో ఒకచోట ఒక అక్షరము ఎక్కువై, మరియొకచోట తక్కువై, యంత్రము దృష్టిలో ఒక్క ఘంటసాల ముగ్గురు ఘంటసాలలగును. తెలుగు లిపికి 1991లోనే, యూనికోడు మొదటి ప్రతిలో స్థానము లభించినది. ఘంటసాల అని తెలుగులో వ్రాసినచో తగవే లేదు. మరియొక లోపము గీతకర్తకు సంబంధించినది. పాశ్చాత్యుల పట్టికకు గాయకుడే ప్రధానము. మనకు అట్లు కాదు. పాట ఎవరు పాడిరో అడిగినవాడు, ఎవరు వ్రాసిరని గూడ అడుగును. ఎంపీ3 ఫైలులో గీతకర్తకు వేరుగా గడి ఉన్నను, పలువురు దానిని నింపరు. మన పెట్టెలో మనము నింపుకొనవచ్చును. సెలవుదినమున తల్లిదండ్రులు చెప్పుచుండగా పిల్లలు ఆ గడులు నింపినచో, అది ఇంటిలో జరుగు సాహిత్యపాఠము.

సినిమాపాట మన పెట్టెలో లేకున్నను మరెక్కడనో దొరకును. ఎక్కడను దొరకని ధ్వనుల మాట ఏమి? నాయనమ్మ పాడిన బతుకమ్మ పాట, పెండ్లిలో ఆడబిడ్డలు పాడిన అప్పగింత పాట, గనిలో పనిచేసి గతించిన తాత చెప్పిన కథ ఇవి క్యాసెట్టులలో ఉండిపోయినవి. ఆ టేపుమీది అయస్కాంతపు పూత ఏటేట సడలుచున్నది. వినిపించు యంత్రములు అరుదగుచున్నవి. సోనీ సంస్థ జపానులో క్యాసెట్టు వాక్‌మన్ తయారీని 2010లోనే మానివేసినది. ఈ పనికి తొందర అవసరము. పనిచేయు టేపురికార్డరును తీగతో కంప్యూటరునకు కలిపి, ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాముతో ధ్వనిని ఎక్కించుకొనవచ్చును. రాస్ప్‌బెరీ పై పలకకు ధ్వనిని లోనికి తీసికొను ద్వారము లేదు గనుక, దానితోనే ఈ పని చేయదలచినవారు యూఎస్‌బీ సౌండుకార్డు నొకదానిని కొనవలెను. గంట క్యాసెట్టునకు గంట పట్టును, దగ్గరదారి లేదు.

ఈ జిల్లాకు ఇది మరింత వర్తించును. ఇచ్చటి గోండుల గాథలను ప్రధానులు మూడు తీగల కికిరి వాయించుచు గానము చేయుదురు. 1940 దశకమున వారి మధ్య పరిశోధన సాగించిన హైమెన్‌డార్ఫు తీసిన ఛాయాచిత్రములు, ఫిల్ములు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాలయమున భద్రముగా నున్నవి. మంచిదే. కాని ఒక గోండు కుటుంబము తన పెద్దల గొంతు వినుటకు ఏ లండనునకు పోవలెను? గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతులలోని గోండి లిపికి 2018లో యూనికోడునందు చోటు దొరకినది. ఆ పాటల పేర్లను ఆ లిపిలోనే వ్రాసి ఇంటిపెట్టెలో దాచుకొనుటకు నేడు అవకాశమున్నది.

వ్యక్తుల శ్రద్ధ ఎంతపని చేయగలదో తెలుగువారికి నిదర్శనములు లేకపోలేదు. చెన్నపట్టణమున వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది గ్రామఫోను రికార్డులను సేకరించిరి. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన ‘ఈమాట’ అంతర్జాల పత్రికలో పరుచూరి శ్రీనివాస్‌గారు అలనాటి రేడియో నాటకములను, లలితగీతములను వినిపించిరి. వారిది పెద్ద కృషి. మనకు అంత అక్కరలేదు. మన ఇంటి ధ్వనులను మనము కాపాడుకొన్నచో చాలును.

అయితే ధర్మము తప్పరాదు. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షను సొంత వాడుకకై చేయు న్యాయమైన వినియోగమును మన్నించుచున్నది. నలుగురికి పంచుటను కాదు. ధ్వనిముద్రణపై హక్కు అది ప్రచురితమైన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు. సాహిత్యముపై, బాణీపై కర్త మరణించిన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు. రికార్డు పాతదైనంతమాత్రమున కవి హక్కు తీరిపోదు. కొన్న సీడీని, కొన్న పాటను పెట్టెలో నింపుకొనుడు; దొంగసరుకును కాదు.

జాగ్రత్తలును కొన్ని కలవు. కరెంటు హఠాత్తుగా పోయినచో మెమరీ కార్డులోని వ్రాత చెడవచ్చును. చిన్న బ్యాటరీ ఆసరా మంచిది. పెట్టెను నేరుగా ఇంటర్నెట్టునకు తెరచియుంచుట వీధితలుపునకు గడియ వేయకుండుటవంటిది. దూరదేశములోనున్న బిడ్డలు వినదలచినచో వైర్‌గార్డువంటి రహస్యమార్గము ఏర్పరచవలెను. డిస్కు ఎప్పటికైనను చెడును గనుక, రెండవ ప్రతిని వేరొక ఊరిలో, బంధువుల ఇంట ఉంచవలెను.

‘ఫోనులోనే నింపుకొనరాదా, ఇంత శ్రమ ఏల?’ అని ఎవరైనను అడుగవచ్చును. ఫోను ఒకరిది, నాలుగేండ్లకు మారిపోవును. ఈ పెట్టె కుటుంబమునది. కాని ఇంటిలో ఒక్కరికే దాని మర్మము తెలిసియున్నచో, ఆ ఒక్కరితో అదియు మూగవోవును. అప్పుడు అద్దెపాటకును దీనికిని భేదముండదు. కనుక దానిని నెలకొల్పినవాడు సంకేతపదమును, రెండవ ప్రతి ఉన్నచోటును, పెట్టెను తిరిగి నడపు క్రమమును తెలుగులో ఒక కాగితముమీద వ్రాసి, సర్వీసు కాగితములు దాచు బీరువాలోనే దాచవలెను. క్వార్టరు ఖాళీ చేయునాడు సామాను కట్టువారికి ఆ కాగితము తప్పక చేతికి తగులును.