చిట్టా ఒకరిది... వంట ఇంకొకరిది!

పెళ్లి ముహూర్తం ఖాయమయ్యాక ఇంటికి వంటమాస్టారు వస్తాడు. ఎంతమంది భోజనానికి కూర్చుంటారో అడిగి, కందిపప్పు నుంచి కరివేపాకు దాకా చిట్టా రాయిస్తాడు. ఆ చిట్టా పట్టుకుని కొట్టుకెళ్లేది మాత్రం ఇంటిపెద్ద. చేతిలో డబ్బెంత ఉందో, ఇంకా ఎన్ని ఖర్చులున్నాయో ఆయనకే తెలుసు. విస్తట్లో పప్పు పలచబడితే ‘సరుకు తక్కువిచ్చారు’ అంటాడు మాస్టారు. ‘ఇచ్చిందంతా ఏం చేశావు?’ అంటాడు పెద్దాయన.

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న తగవు కూడా ఇదే. ఆటగాళ్లను తెచ్చేది జనరల్ మేనేజర్. వాళ్లను ఆడించేది హెడ్ కోచ్. ఓడిన రోజున తప్పు ఎవరిది? అమెరికాలో బిల్ పార్సెల్స్ అనే పేరున్న కోచ్ 1997లో న్యూ ఇంగ్లండ్ జట్టును వదిలి వెళ్లిపోయినప్పుడు అచ్చం ఈ వంట పోలికే తెచ్చాడు. వండమన్నవాళ్లు సరుకులు కొనేటప్పుడు నా మాట కూడా వినాలి కదా అన్నది ఆయన బాధ. అంతకుముందు ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో యాజమాన్యం ఆయన మాట కాదని వేరొకరిని తీసుకుంది.

ఈ తగవుకు రెండు వైపులా చూపించే కథ కెనడాలోని కేంబ్రిడ్జ్ చుట్టుపక్కలే ఉంది.

కేంబ్రిడ్జ్ పొరుగున...

గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అనే మూడు పాత ఊళ్లు 1973లో కలిసి కేంబ్రిడ్జ్ అయ్యాయి. గ్రాండ్ నది ఒడ్డున ఉన్న ఈ ఒంటారియో పట్టణానికి సొంత ప్రొఫెషనల్ జట్టు లేదు. ఒకవైపు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో హామిల్టన్, ఇంకోవైపు పాతిక కిలోమీటర్లలోపే గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం. కేంబ్రిడ్జ్ వాసులకు హామిల్టన్ టైగర్‌క్యాట్సే దగ్గరి జట్టు.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. ఇక్కడి ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతారు, పట్టుకుని పరిగెడతారు. కెనడా పద్ధతిలో జట్టుకు పన్నెండు మంది, మైదానం 110 గజాలు. పది గజాలు ముందుకు వెళ్లడానికి మూడే అవకాశాలు. తొమ్మిది జట్లున్న కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఏడాది చివర దక్కే కప్పు పేరు గ్రే కప్.

ఎవరి పని ఏది?

జనరల్ మేనేజర్ చూపు మూడేళ్ల అవతల ఉంటుంది. అమెరికా కళాశాలల్లో కుర్రాళ్లను గాలించడం, ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కెనడా ఆటగాళ్లను ఎంచుకోవడం, ఫిబ్రవరిలో ఒప్పందాలు ముగిసినవాళ్లతో బేరాలు ఆడటం ఆయన పని. జట్టు మొత్తం జీతాలు లీగ్ గీసిన గీత దాటకూడదు. కాబట్టి ఒకరికి పదివేల డాలర్లు ఎక్కువ ఇస్తే ఇంకొకరికి తగ్గించాలి.

హెడ్ కోచ్ చూపు ఈ వారం మీద ఉంటుంది. ఎవరు మైదానంలోకి దిగాలి, ఎవరు కూర్చోవాలి, మోకాలు నొప్పి అంటున్నవాడిని ఆడించాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. శుక్రవారం మ్యాచ్ ఓడితే శనివారం పత్రికలవాళ్ల ఎదుట నిలబడేదీ ఆయనే.

కెనడా లీగ్‌లో ఈ ఇద్దరినీ విడదీయరాకుండా కట్టేసే నిబంధన ఒకటుంది. మొదట బరిలోకి దిగే 24 మందిలో కనీసం ఏడుగురు కెనడా ఆటగాళ్లు ఉండాలి. మేనేజర్ డ్రాఫ్ట్‌లో మంచి కెనడా కుర్రాళ్లను తేలేకపోతే కోచ్ ఎంత గొప్పవాడైనా ఆ ఏడు చోట్లా జట్టు బలహీనపడుతుంది. కోచ్ ఆ కుర్రాళ్లను ఓపికగా తీర్చిదిద్దకపోతే మేనేజర్ మూడేళ్ల కష్టం నీళ్లపాలు.

రెండు కుర్చీలు, ఒకే మనిషి

2012లో హామిల్టన్ ఆరు మ్యాచ్‌లు గెలిచి పన్నెండు ఓడింది. ఆ డిసెంబర్‌లో యాజమాన్యం కెంట్ ఆస్టిన్‌ను పిలిచి హెడ్ కోచ్, జనరల్ మేనేజర్ పదవులు రెండూ అప్పగించింది. ఆయన 1989లో ఆటగాడిగా, 2007లో కోచ్‌గా సస్కాచెవాన్ జట్టుకు గ్రే కప్ అందించినవాడు. 2007లో ఆయన వంట చేస్తే సరుకులు తెచ్చిన మేనేజర్ ఎరిక్ టిల్‌మన్. హామిల్టన్‌లో మాత్రం చిట్టా, సంచి, గరిటె మూడూ ఆస్టిన్ చేతికే వచ్చాయి.

పాత స్టేడియం కూల్చి కొత్తది కడుతున్న రోజులవి. అందుకే 2013లో టైగర్‌క్యాట్స్ తమ సొంత మ్యాచ్‌లు దాదాపు అన్నీ గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ మైదానంలో ఆడింది. కేంబ్రిడ్జ్ జనానికి ప్రొఫెషనల్ జట్టు పొరుగింటికి వచ్చినట్టయింది. మొదట్లో ఫలితం అద్భుతం. 2013లో, 2014లో వరుసగా గ్రే కప్ ఫైనల్ చేరారు. మొదటిది సస్కాచెవాన్ చేతిలో 45-23తో ఓడారు. రెండోది కాల్గరీ చేతిలో 20-16తో చేజారింది. ఆఖరి నిమిషంలో బ్రాండన్ బ్యాంక్స్ పరుగెత్తి సాధించిన టచ్‌డౌన్‌ను (ఈ ఆటలో గోల్ లాంటిది) సహచరుడి తప్పిదం వల్ల రిఫరీలు రద్దు చేశారు.

పడిపోయిన జట్టును త్వరగా లేపాలంటే ఒకే చేతిలో అధికారం పనిచేస్తుంది, నిర్ణయానికి ఆలస్యం ఉండదు. దాని ఖరీదు తర్వాత తెలుస్తుంది. తాను తెచ్చిన ఆటగాడు పనికిరాడని తనకు తానే చెప్పుకోవడం మనిషికి కష్టం. ‘ఇది తప్పు’ అనే పక్క గది లేకుండా పోతుంది. 2016లో టిల్‌మన్‌నే మేనేజర్‌గా తెచ్చినా, ఫుట్‌బాల్ వ్యవహారాల ఉపాధ్యక్ష పదవి ఆస్టిన్ దగ్గరే ఉంది. పేరుకు మేనేజర్ వేరు, పైమాట కోచ్‌దే. 2017లో వరుసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడారు. అందులో ఒకటి కాల్గరీ చేతిలో 60-1. ఆగస్టులో ఆస్టిన్ కోచ్ పదవి వదులుకున్నాడు.

అదే ఊరు, అదే పాఠం

2019లో ఓర్లాండో స్టైనార్ హెడ్ కోచ్ అయ్యాడు. ఆటగాళ్ల ఎంపిక షాన్ బర్క్, డ్రూ అలెమాంగ్‌లు చూసుకున్నారు. ఆ ఏడాది 15 గెలుపులు, మూడే ఓటములు. ఆ జట్టు చరిత్రలో అంతకు మించిన సీజన్ లేదు. 2019లో, 2021లో ఫైనల్ చేరి, రెండుసార్లూ విన్నిపెగ్ చేతిలో ఓడారు. 2021 సీజన్ ముగిశాక ఫుట్‌బాల్ వ్యవహారాల అధ్యక్ష పదవి కూడా స్టైనార్‌కే ఇచ్చారు. బర్క్ ఒటావాకు మేనేజర్‌గా వెళ్లిపోయాడు. తర్వాతి రెండేళ్లూ ఎనిమిదేసి గెలుపులు, పదేసి ఓటములు. 2023 తర్వాత స్టైనార్ కోచ్ కుర్చీ స్కాట్ మిలానోవిచ్‌కు అప్పగించి పై బాధ్యతకే పరిమితమయ్యాడు. ఓటములకు గాయాలు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ సమస్యల్లాంటి కారణాలు ఎప్పుడూ ఉంటాయి. కానీ ఒకే ఊళ్లో పదేళ్లలో రెండుసార్లు అదే జరిగితే యాదృచ్ఛికం అని వదిలేయలేం.

గ్వెల్ఫ్ కుర్రాళ్లిద్దరు

హామిల్టన్‌ను రెండు ఫైనళ్లలో ఓడించిన విన్నిపెగ్ బ్లూ బాంబర్స్‌ను నడిపింది ఎవరో తెలుసా? జనరల్ మేనేజర్ కైల్ వాల్టర్స్, హెడ్ కోచ్ మైక్ ఓషే. ఇద్దరూ గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం తరఫున ఆడినవాళ్లే. ఇద్దరూ తర్వాత టైగర్‌క్యాట్స్‌కూ ఆడారు. ఆస్టిన్ రెండు కుర్చీల్లో కూర్చుని జట్టును నడిపిన గ్వెల్ఫ్‌లోనే, ఈ ఇద్దరూ చెరో కుర్చీకి సరిపడే ఆట నేర్చుకున్నారు.

వాళ్ల దారి పూలబాట కాదు. 2014లో ఏడు గెలుపులు, 2015లో అయిదే. అక్కడే చాలా యాజమాన్యాలు ఒకరిని తీసేసి ఇంకొకరికి రెండు కుర్చీలూ ఇచ్చేస్తాయి. విన్నిపెగ్ ఆ పని చేయలేదు. ఎంపిక వాల్టర్స్‌ది, ఆట ఓషేది అన్న గీత చెరపలేదు. 1990 తర్వాత గ్రే కప్ ముఖం చూడని ఆ ఊరు 2019లో, 2021లో కప్పు గెలిచింది. 2019 నుంచి 2024 వరకు జరిగిన అయిదు ఫైనళ్లలోనూ ఆ జట్టే ఉంది.

మినహాయింపుల మాటేమిటి?

ఒంటరిగా గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. కోచ్‌గా 282 విజయాలతో కెనడా లీగ్ రికార్డు నెలకొల్పిన వాలీ బోనో బ్రిటిష్ కొలంబియాకు 2006లో, 2011లో గ్రే కప్ తెచ్చినప్పుడు మేనేజర్ కూడా ఆయనే. అమెరికాలో బిల్ బెలిచిక్ రెండు బాధ్యతలూ మోస్తూ ఆరు సూపర్ బౌల్స్ (అక్కడి లీగ్ ఫైనళ్లు) గెలిచాడు. ఆయనకూ 2023లో నాలుగు గెలుపులు, పదమూడు ఓటములు ఎదురయ్యాయి, ఆ సీజన్‌తోనే జట్టుతో బంధం తెగింది. సియాటిల్‌లో మైక్ హోమ్‌గ్రెన్‌ది తలకిందుల కథ. 1999లో రెండు పదవులూ ఇచ్చారు, 2002 తర్వాత మేనేజర్ పదవి తీసేసుకున్నారు. ఒట్టి కోచ్‌గా మిగిలాకే, 2005 సీజన్‌లో, ఆ జట్టును మొదటిసారి సూపర్ బౌల్‌కు చేర్చాడు.

మన హైదరాబాద్‌లోనూ ఇలా అన్నీ తానే అయిన మహానుభావుడు ఉండేవాడు. ఆట వేరు, కాలితో ఆడే ఫుట్‌బాల్. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా వ్యవస్థను నడిపాడు, సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు ఆ జట్టువే. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963 జూన్‌లో క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. ఎంపిక, శిక్షణ, పాలన అన్నీ ఒక గొప్పవాడి చుట్టూ అల్లుకుంటే, ఆయనతోపాటే అవి వెళ్లిపోతాయి. రహీమ్ గొప్పదనానికి అది మచ్చ కాదు, ఆయన పక్కన ఇంకొకరిని పెంచుకోని మన లోపం.

గీత ఎక్కడ గీయాలి?

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే దారి కనిపిస్తుంది. ఆటగాడిని తెచ్చే ముందు కోచ్ మాట వినాలి, ఆఖరి సంతకం మేనేజర్‌ది కావాలి. ఎవరు ఆడాలన్నది కోచ్‌కే వదిలేయాలి, మేనేజర్ మైదానం గీత దాటకూడదు. ఇద్దరికీ భేదం వస్తే తీర్పు చెప్పే పెద్ద ఒకరే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ జంటకు రెండు చెడ్డ సీజన్లను తట్టుకునే సమయం ఇవ్వాలి.

హామిల్టన్ ఆఖరిసారి గ్రే కప్ గెలిచింది 1999లో. ఆనాడు కోచ్ రాన్ లాంకాస్టర్, జనరల్ మేనేజర్ నీల్ లమ్స్‌డెన్. కుర్చీలు రెండు, మనుషులు ఇద్దరు. ఆ జట్టులో ఆటగాళ్లుగా స్టైనార్, వాల్టర్స్ ఇద్దరూ ఉన్నారు.